మొండికేసే ఆటగాడు

బంతిని పాదం లోపలి అంచుతో తన్నడం ఎట్లాగో పదేళ్ల పిల్లవాడికి ఒక్క సాయంత్రంలో చూపించవచ్చును. నెల రోజులు సాధన చేస్తే ఆ తన్నుకు గురి కూడా కుదురుతుంది. కాని అదే పిల్లవాడు ఎదుట ఖాళీగా నిలిచిన తోటివానికి బంతి అందివ్వకపోతే, రిఫరీ విజిల్ ఊదినప్పుడల్లా చేతులు విసిరితే, శిక్షకుడు మాట్లాడుతూ ఉండగా అటు తిరిగి నిలబడితే ఏమి చేయాలన్నది ఒక సాయంత్రంలో తేలే విషయం కాదు. మన పేటల్లోనూ, పాఠశాలల్లోనూ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవారిలో చాలామంది ఒకప్పుడు తాము ఆడినవారు; ఆట మీది మమకారం కొద్దీ ఉద్యోగం నుండి తిన్నగా మైదానానికి వచ్చేవారు. వారిని కదిపి చూడండి. ఆట నేర్పడం ఎంతసేపండీ, ఆడేవాడితోనే చిక్కు అంటారు.

ఆ చిక్కుకు వారు పెట్టే పేర్లు మనకు పరిచితమైనవే. ఒకడికి పొగరు. ఇంకొకడికి తలబిరుసు. మరొకడికి లెక్కలేనితనం. ఈ మాటలలో ఒక సౌకర్యం ఉన్నది. పేరు పెట్టగానే విచారణ ముగిసిపోతుంది. తప్పంతా పిల్లవాడి స్వభావం మీదికి పోతుంది. శిక్షకునికి చేయవలసిన పని మిగలదు. కాని పొగరు అనేది కంటికి కనిపించే వస్తువు కాదు. కనిపించేది పిల్లవాడు చేసిన పని. కనుక అనుభవం కల శిక్షకుడు తన చిన్న పుస్తకంలో పొగరు అని వ్రాసుకోడు. "ఈ వేళ మూడుసార్లు తోటివాడు ఖాళీగా ఉన్నా బంతి ఇవ్వలేదు, రెండవ గోలు పడిన తరువాత పరుగు మానివేశాడు" అని వ్రాసుకుంటాడు. ఎప్పుడు చేశాడు, ఎవరితో ఆడుతున్నప్పుడు చేశాడు, గట్టున ఎవరు నిలబడి ఉండగా చేశాడు అన్నవి కూడా ఆ పక్కనే చేరుస్తాడు. నాలుగు వారాలు అట్లా వ్రాస్తే, ఎప్పుడూ ఇంతే అనుకున్న పిల్లవాడు నిజానికి ఆదివారం పూట, తండ్రి వచ్చిన రోజున మాత్రమే అట్లా ఉంటున్నాడని తేలవచ్చు. పొగరుకు మందు వెతకడం కష్టం. ఆదివారం సంగతికి మార్గం ఆలోచించవచ్చును.

ఇదంతా ఎందుకు, నాలుగు చీవాట్లు పెడితే సరిపోదా అని అడిగేవారు లేకపోలేదు. చీవాట్లు తిన్న పిల్లవాడు సాధారణంగా ఎదురు చెప్పడు. మరుసటి సంవత్సరం మైదానానికి రాడు. ఈ విషయాన్ని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలం పరిశీలించారు. వారు తీసుకున్నది ఫుట్‌బాల్ కాదు, బాలుర బేస్‌బాల్. ఐనా పిల్లల మనస్సుకు రెండు ఆటలకూ భేదం లేదు గనుక ఇక్కడ చెప్పుకోవచ్చును. మంచి ప్రయత్నాన్ని మెచ్చుకోవడం, తప్పు చేసినవానికి ధైర్యం చెప్పి ఆ తప్పు దిద్దుకునే విధానం చూపడం, వెక్కిరింపును, కఠిన దండనను మానడం, ఈ మూడింటిని కొందరు శిక్షకులకు ముందుగా నేర్పారు. మరికొందరిని వారి మానాన వారిని వదిలివేశారు. 1992లో ప్రకటించిన వారి పరిశీలన ప్రకారం, ఏమీ నేర్వని శిక్షకుల దగ్గర ఆడిన పిల్లలలో నూటికి 26 మంది మరుసటి ఏడు ఆట మానుకున్నారు. నేర్చిన శిక్షకుల దగ్గర మానుకున్నవారు నూటికి 5 గురు. రెండు పక్షాల జట్లూ గెలిచిన ఆటల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదు. అంటే ఆ పిల్లలను నిలిపినదీ, పోగొట్టుకున్నదీ గెలుపు కాదన్నమాట.

ఇక మన హైదరాబాదుకు వద్దాము. తనకు తానే ఆడుకునే పిల్లవాడిని గూర్చి, అనగా బంతి దొరికితే నలుగురిని తప్పించుకుపోవాలనే తప్ప మరో ఆలోచన లేనివానిని గూర్చి, ఈ నగరంలో ఒక ఉపాధ్యాయుడు దాదాపు డెబ్బది ఏండ్లకు పూర్వమే మంచి ఉపాయం కనిపెట్టాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆటగాళ్లందరికీ రహీమ్ సాబ్. ఉస్మానియాలో పట్టం పుచ్చుకొని, బడిపంతులుగా పనిచేసి, 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం పొందిన భారత జట్లు ఆయన చేతి మీదుగా తయారైనవే. 1963 జూన్‌లో ఆయన మరణించాడు. 2024లో ఆయన జీవితం మీద హిందీలో ఒక చలనచిత్రం వచ్చిన తరువాత మన పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది. ఐతే సినిమాలో జకార్తా కనిపించినంతగా ఆయన బడిపంతులుతనం కనిపించదని నా అభిప్రాయం.

ఆ బడిపంతులుతనం ఎట్లాంటిదంటే, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు ఆయన ఏర్పాటు చేశాడు. ఆ పోటీలలో బంతిని కాళ్ల నడుమ ఆడించుకుంటూ ఎదుటివానిని దాటిపోరాదు. వచ్చిన బంతిని వెంటనే అందించాలి. అట్లాగే బలం తక్కువ గల కాలితోనే ఆడవలసిన పోటీలు కూడా నడిపించాడు. ఈ ఏర్పాటులోని విశేషాన్ని నిదానంగా గమనించవలసి ఉన్నది. "నీవు స్వార్థపరుడివి, బంతి ఇవ్వవు" అని ఎవరినీ అనవలసిన పని లేదు. నియమం అందరికీ ఒక్కటే. బంతి దగ్గర పెట్టుకున్నవాడు నియమం తప్పినవాడవుతాడు, అంతే. వాని గుణగణాలను గూర్చిన చర్చ రాదు. పైగా బంతి ఇవ్వడానికి తోటివాడు ఎక్కడ ఉన్నాడో ముందే చూచుకోవాలి. తల ఎత్తి చూడడం అలవాటైన పిల్లవాడికి, తాను ఇంతకాలం చూడనివారు పదిమంది మైదానంలో ఉన్నారని తెలిసివస్తుంది. మనం స్వార్థం అనుకున్నది చాలా సందర్భాలలో తల దించుకొని ఆడే అలవాటు మాత్రమే.

ఈ పద్ధతిని చిన్న మైదానంలో ఎవరైనా అనుసరించవచ్చు. నలుగురేసి పిల్లలను రెండు పక్షాలుగా చేసి, ఒక్కొక్కడు బంతిని రెండుసార్లకు మించి తాకరాదని నియమం పెట్టండి. లేదా నలుగురూ బంతి తాకిన తరువాత పడిన గోలుకే లెక్క అనండి. పావుగంట చాలు. ఆ పావుగంటలో శిక్షకుడు నోరు మెదపకుండా ఉండడమే కష్టమైన భాగం. ఇక్కడ ఒక్క జాగ్రత్త చెప్పాలి. డ్రిబ్లింగ్ అనేది దొంగతనం కాదు; ఆ విద్యను చంపితే ఆటలో అందం ఏమి మిగులుతుంది? నిషేధపు ఆట ముగిసిన వెంటనే ఒకరికి ఒకరు ఎదురుగా ఆడే ఆట కొంతసేపు పెట్టి, ఆ పిల్లవాడిని తనివితీరా ఆడనివ్వాలి. ఏ చోట ఏది తగునో వానికి అప్పుడు బోధపడుతుంది.

రహీమ్ సాబ్ దగ్గరి మరొక ఉదంతం తులసీదాస్ బలరామ్‌ది. సికింద్రాబాదు శివారున అమ్ముగూడలో, బీద కుటుంబంలో పుట్టిన బాలుడు. ఆయన ప్రతిభ కంటబడిన తరువాత సాధనకు రమ్మంటే, అంతదూరం రావడానికి డబ్బు లేదని తేలింది. రహీమ్ సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చి రప్పించాడు. ఆ బాలుడు 1956 ఒలింపిక్ జట్టులోనూ, 1962 జకార్తా జట్టులోనూ ఆడి, దేశం ఎరిగిన ఫార్వర్డు అయినాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. ఇటువంటి బాలుడు ఏ సాధారణ శిక్షకుని చేతిలో పడినా, "వారానికి రెండు రోజులు రాడు, శ్రద్ధ లేదు" అని హాజరు పట్టీలో కొట్టివేయడానికి ఎంతసేపు పడుతుంది?

ఆలస్యంగా వచ్చేవారిని గూర్చి కోపగించుకొనే ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బడి ఎన్ని గంటలకు విడుస్తారు? తరువాత ట్యూషన్ ఉన్నదా? ఏ బస్సు ఎక్కాలి? మధ్యాహ్నం తిన్న అన్నం తరువాత సాయంత్రం దాకా ఏమైనా తిన్నాడా? బాలికల విషయంలో చీకటిపడే వేళ ఇంటికి ఎవరితో వెళుతున్నదన్న ప్రశ్న అన్నిటికన్న ముందు వేయవలసినది. సాధన అరగంట ముందుకు జరిపితే తీరిపోయే ఇబ్బందికి క్రమశిక్షణ అని పేరు పెట్టి పోరాడేవారిని చూశాను. సాధన నడుమ వెకిలి వేషాలు వేసేవాని సంగతీ ఇటువంటిదే. తోటివారంతా చేయగలుగుతున్న పనిని తాను చేయలేకపోతున్నానన్న సిగ్గును కప్పిపుచ్చుకోవడానికి పదమూడేళ్ల వాడికి నవ్వించడం కంటె సులభమైన మార్గం దొరకదు. వానికి ఆ పని ఒక మెట్టు తేలిక చేసి ఇవ్వండి. తరువాత నవ్వించేవాడు నవ్విస్తూనే ఉంటే, అది వేరే కథ.

స్థానం మార్చితే అలిగేవారు ఇంకొక తెగ. ముందు ఆడేవానిని వెనుకకు పంపితే అవమానం. గోలులో నిలబడమంటే మరీ అవమానం. గోలులోకి పోనని మూతి ముడుచుకొనే పిల్లవాడికి పీటర్ తంగరాజ్ కథ చెప్పవచ్చును. హైదరాబాదులో పుట్టిన ఈయన మొదట సెంటర్ ఫార్వర్డు. సైన్యంలో చేరిన తరువాత గోల్‌కీపర్ అయినాడు. భారతదేశపు మేటి గోల్‌కీపర్లలో ఒకడని పేరు పొందాడు. జకార్తాలో జర్నైల్ సింగ్ విషయం ఇంకా ముచ్చటైనది. ఆయన వెనుక నిలిచి అడ్డుకొనేవాడు. పోటీల నడుమ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయనను బెంచి మీద కూర్చోబెట్టలేదు. ముందుకు పంపి ఫార్వర్డుగా ఆడించాడు. దక్షిణ కొరియాతో జరిగిన తుది ఆటలో భారతదేశం చేసిన రెండు గోల్స్‌లో ఒకటి ఆయనదే. తలకు గాయమైనవారిని మళ్లీ ఆటలోకి దింపడం నేటి వైద్యులు ఒప్పుకొనే పని కాదు, కనుక ఆ భాగాన్ని ఎవరూ అనుకరించరాదు. ఐతే స్థానం మార్పు అనేది ఒక అవసరానికి చేసే ఏర్పాటు అని ఆటగాడికి ముందుగా విప్పి చెప్పితే, అదే మార్పు గౌరవంగా కూడా తోచవచ్చునన్నది ఇందులో గ్రహించవలసిన సంగతి. ఆట మొదలు కావడానికి రెండు నిమిషాల ముందు అందరి ఎదుట ప్రకటిస్తే ఎంతటి మంచివాడికైనా కష్టం తోస్తుంది. రెండు రోజుల ముందు పక్కకు పిలిచి, "నీవు బంతిని చక్కగా ముందే పసిగట్టగలవు, అందుకే వెనుక నీవు కావాలి" అని కారణంతో చెప్పాలి. ఆ కారణం నిజమైనది కావాలి. పిల్లలు ముఖస్తుతిని క్షణంలో పసిగడతారు.

రిఫరీతో వాదులాడే పిల్లల విషయంలో ఆట నియమాలే కొంత దారి చూపుతున్నాయి. పసుపు, ఎరుపు కార్డులు 1970లో మెక్సికోలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో మొదటిసారి వాడుకలోకి వచ్చాయని చాలామందికి తెలుసు. ఇటీవల పిల్లల ఆటలకు, స్థానిక పోటీలకు మరొక వెసులుబాటు కల్పించారు. తప్పు చేసినవానిని కొద్ది నిమిషాలు మాత్రం బయటికి పంపి, తిరిగి ఆడనివ్వడం అది. ఇంగ్లండులో 2019 నుండి స్థానిక స్థాయి ఆటలలో, రిఫరీని ధిక్కరించి మాట్లాడినవానిని 90 నిమిషాల ఆటలో 10 నిమిషాల సేపు బయట కూర్చోబెడుతున్నారు. ఈ దండనలోని మేలు ఏమంటే, అది వెంటనే పడుతుంది, కొద్దిసేపే ఉంటుంది, ముగిసిన తరువాత పాత బాకీ మిగలదు.

సాధనలో కూడా ఇదే అనుసరించవచ్చును. తోటివానిని బూతుమాట అన్నవాడు మూడు నిమిషాలు శిక్షకుని పక్కన కూర్చోవాలి. ఆ మూడు నిమిషాలలో ఉపన్యాసం ఉండదు. గడియారం చూచి, "ఇక పో, ఆడుకో" అనడమే. దీనికి బదులుగా మన మైదానాలలో వాడుకలో ఉన్నది మైదానం చుట్టూ పది చుట్లు తిప్పించడం. పరుగు ఫుట్‌బాల్ ఆటగాడికి అన్నం వంటిది. దానినే శిక్షగా మార్చితే పిల్లవాడు పరుగును ద్వేషించడం నేర్చుకుంటాడు. పైగా మన ఏప్రిల్ ఎండలలో అలసిన పిల్లవాడిని పరుగెత్తించడం ప్రాణాపాయం. పాఠశాల పిల్లలకు శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ విభాగం నిషేధించిందన్న సంగతి కూడా మన వ్యాయామ ఉపాధ్యాయులు జ్ఞాపకం ఉంచుకోవాలి.

మాట్లాడవలసిన సందర్భం వచ్చినప్పుడు పదిమందిలో మాట్లాడరాదు. కోపం చల్లారకముందు మాట్లాడరాదు. బంతులు సంచిలో వేస్తూ, పక్కపక్కన నిలబడి మాట్లాడితే ఎదురెదురుగా నిలబెట్టి అడిగినదానికంటె ఎక్కువ జవాబు వస్తుంది. ఆ సంభాషణ ఈ తీరున సాగవచ్చును:

"ఏమిరా, ఇవాళ రెండో గోలు పడ్డ తరువాత పరుగెత్తడం మానేశావు?"

"ఏమీ లేదు సార్."

"కాలు నొప్పా?"

"కాదు సార్. ఎంత పరుగెత్తినా నాకు బంతి రాదు. వాళ్లిద్దరూ వాళ్లలో వాళ్లే ఇచ్చుకుంటారు."

ఇంతవరకు తప్పు ఒకనిదనుకున్నాము. ఇప్పుడు ముగ్గురి సంగతి అయింది. మొదటి ప్రశ్నకు బదులు "నీకు బాధ్యత లేదా?" అని అడిగి ఉంటే, "ఏమీ లేదు సార్" అన్నచోటనే మాట ఆగిపోయేది.

మొండివాడికి కెప్టెన్ పదవి ఇస్తే దారికి వస్తాడని కొందరు చెబుతారు. అప్పుడప్పుడు ఫలించే మాటే. కాని సంవత్సరమంతా వేళకు వచ్చి, చెప్పినట్లు ఆడిన పిల్లవాడు ఆ దృశ్యం చూచి ఏమి నేర్చుకుంటాడు? చిన్న బాధ్యతతో మొదలుపెట్టడం మేలు. బంతులలో గాలి చూడడం, క్రొత్తగా చేరిన చిన్నపిల్లవాడికి త్రో వేయడం నేర్పడం వంటి పనులు అప్పగించి చూడవచ్చు.

అసలు పరీక్ష జట్టులోని మేటి ఆటగాడి దగ్గర వస్తుంది. సాధనకు రానివాడు ఆ వారం మొదటి పదకొండుగురిలో ఉండడన్న నియమం పిల్లలతో కూర్చొని, వారి చేతనే చెప్పించి పెట్టుకున్నారు. తుది ఆట ముందు వారంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాడు, ఏ కారణమూ లేకుండా రెండు రోజులు రాలేదు. పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కప్పు రావాలంటున్నాడు. తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు. మిగిలిన పదిమంది ఒక్క మాటైనా అనకుండా శిక్షకుని ముఖం వైపు చూస్తున్నారు. ఇక్కడ మధ్యేమార్గం లేదని నా ఉద్దేశం. వాడు మొదట బెంచి మీదనే కూర్చోవాలి. రెండవ సగంలో దింపవచ్చును, నియమంలో అందుకు చోటు ఉంటే. ఆట ఓడిపోవచ్చు. ఓటమికి సిద్ధపడనివాడు అటువంటి నియమం పెట్టకుండా ఉండడమే మంచిది. ఎందుకంటే ఆ రోజున సడలించిన నియమాన్ని మరునాడు ఆలస్యంగా వచ్చిన పేద పిల్లవాడి మీద ప్రయోగించే ముఖం శిక్షకునికి ఉండదు. ఈ మాటను పిల్లవాడికి ముందు రోజే, తల్లిదండ్రులు కూడా ఉండగా చెప్పాలి. ఆట రోజున ఫలకం మీద తన పేరు లేదని చూచి తెలుసుకొనే స్థితి ఎవరికీ కల్పించరాదు.

తల్లిదండ్రుల ప్రసక్తి వచ్చినది కనుక, ఇంటిలోని పెద్దలకు ఒక మాట. గట్టున నిలబడి "ఇవ్వకురా, నువ్వే కొట్టు" అని తండ్రి కేక వేస్తాడు. లోపల శిక్షకుడు "ఇవ్వు" అంటాడు. పన్నెండేళ్లవాడు ఎవరి మాట వినాలి? ఎవరి మాట వినకపోయినా మొండివాడే అవుతాడు. రిఫరీని తండ్రి ఒక మాట అంటే, వచ్చే ఆటలో కొడుకు అంటాడు. ఇంగ్లండులో ఈ బాధ పడలేక 2008లో గౌరవ ఉద్యమం ఒకటి ఆరంభించి, పిల్లల ఆటలలో ప్రేక్షకులను మైదానపు గీతకు కొంత దూరంగా, తాడు వెనుక నిలబెట్టే ఏర్పాటు చేశారు. మన దగ్గర తాడు కట్టకపోయినా, శిక్షకుడు సంవత్సరారంభంలో పెద్దలందరినీ ఒకసారి పిలిచి, "చప్పట్లు మీవి, సూచనలు నావి" అని మర్యాదగా చెప్పుకోవచ్చును. ఆట ముగిసి ఇంటికి వచ్చిన పిల్లవాడిని ఎన్ని గోల్స్ కొట్టావని అడిగే బదులు అన్నం పెట్టి ఊరుకుంటే, ఆ సంగతులు వాడే చెబుతాడు.

ఇంతవరకు చెప్పిన ఉపాయాలు పనికిరాని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నిన్నటి దాకా నవ్వుతూ ఆడిన పిల్లవాడు ఉన్నట్టుండి ఎవరితోనూ మాట్లాడడు, ఊరికే తిరగబడతాడు, ఒంటి మీద దెబ్బలు కనిపిస్తాయి, ఇంటికి పోవడానికి వెనుకాడతాడు. ఇది ఆటకు సంబంధించిన మొండితనం కాదు. శిక్షకుడు వైద్యుడూ కాడు, పోలీసూ కాడు. నిదానంగా వినాలి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వరాదు, పాఠశాల పెద్దలకు తెలియజేయాలి. బాలల సహాయానికి 1098 అనే టెలిఫోను సంఖ్య ఉన్నది. ఎవరైనా, పిల్లవాడైనా, ఉచితంగా పిలువవచ్చును.

తోటివారిని పదేపదే కొట్టేవానిని, చిన్నవారిని పీడించేవానిని కొంతకాలం జట్టుకు దూరంగా ఉంచక తప్పదు. దెబ్బ తిన్న పిల్లవాడికి కూడా ఆ మైదానం మీద హక్కు ఉన్నది గదా. ఐతే పంపివేసేటప్పుడు ఫోనులో నాలుగు ముక్కలు వ్రాసి పంపరాదు. తల్లిదండ్రులను పిలిపించి, ఏ రోజున ఏమి జరిగిందో పుస్తకం తెరిచి చదివి వినిపించాలి. ఎన్ని వారాలో చెప్పాలి. తిరిగి రావలసిన తేదీ కాగితం మీద వ్రాసి వాని చేతికివ్వాలి. అంతవరకు వాని చొక్కా మీది సంఖ్యను మరొకనికి ఇవ్వరాదు. ఆ తేదీనాడు వాడు వస్తే, సాధన ఎప్పటివలెనే నాలుగున్నరకు మొదలవుతుంది.